చిటికెడు వంట సోడా: పళ్ళకు ఎంతవరకు?

మిరపకాయ బజ్జీల పిండిలో చిటికెడు వేసే వంట సోడా చాలా ఇళ్ళలో పళ్ళ దాకా వచ్చేసింది. కొందరు నీళ్ళలో కలిపి పుక్కిలిస్తారు. కొందరు తడి బ్రష్ మీద అద్దుకుని తోముకుంటారు. ఫోన్లో చూసిన చిట్కా నమ్మి నిమ్మరసంతో కలిపి రుద్దేవాళ్ళూ ఉన్నారు. ఈ మూడింటిలో మొదటిది మేలు చేస్తుంది, రెండోది మితంగా చేస్తే ఫరవాలేదు, మూడోది అచ్చంగా కీడు. ఎందుకో తెలియాలంటే ఆ తెల్లపొడి నోట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో, ఏం చేయలేదో చూడాలి.

ఉమ్మిలో ఉన్నదే డబ్బాలోనూ

వంట సోడా అసలు పేరు సోడియం బైకార్బొనేట్. ఆమ్లాన్ని విరిచే గుణం అందులోని బైకార్బొనేట్‌ది. మన లాలాజలంలో ఆమ్లాన్ని విరిచే ముఖ్యమైన పదార్థం కూడా అదే. పళ్ళను కాపాడుకోవడానికి ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకుంటున్న దానికే మనం డబ్బాలోంచి మరికాస్త కలుపుతున్నాం.

రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నమిలేకొద్దీ ఊట పెరుగుతుంది, ఊట పెరిగేకొద్దీ అందులో బైకార్బొనేట్ పాలూ పెరుగుతుంది. నిద్రలో మాత్రం ఊట బాగా తగ్గిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు నోట్లో వేసుకున్న మిఠాయి ముక్క పగలు తిన్నదాని కంటే ఎక్కువ చెరుపు చేయడానికి కారణం ఇదే. కొన్ని రక్తపోటు మందులు, అలర్జీ మందులు, డిప్రెషన్‌కు వాడే మందులు కూడా నోటిని ఎండబెడతాయి. అలా నోరెండిపోయేవారికి పళ్ళు త్వరగా పుచ్చుతాయి. సోడా నీళ్ళ పుక్కిలింత అందరికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది ఇలాంటివారికే.

5.5 దగ్గర ఒక గీత

పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. ఎముక కంటే గట్టిది. ఆమ్లం ముందు మాత్రం నిలవలేదు. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో శుద్ధమైన నీరు 7 దగ్గర ఉంటుంది. అంకె దిగేకొద్దీ ఆమ్లం ముదురుతుంది. పంటి చుట్టూ పీహెచ్ సుమారు 5.5 కిందికి దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి రావడం మొదలుపెడతాయి. లోపలి పొర డెంటిన్ ఇంకా సున్నితం, పీహెచ్ 6కు పైన ఉండగానే కరగడం మొదలవుతుంది. వంట సోడా కలిపిన నీటి పీహెచ్ సుమారు 8.3. ఆమ్లాన్ని విరవడానికి అది చాలు, నోటిని పొక్కించేంత క్షారమూ కాదు.

ఈ ఆమ్లం ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్ను లోపల పురుగు తొలుస్తుందని మనవాళ్ళే కాదు, ఎన్నో దేశాలవాళ్ళు నమ్మారు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లబీ మిల్లర్ ఊడదీసిన పళ్ళను ఉమ్మిలో, రొట్టెముక్కలతో కలిపి వెచ్చగా ఉంచి చూశాడు. పళ్ళు మెత్తబడ్డాయి. నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని, చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయని, పన్నును కరిగించేది ఆ ఆమ్లమేనని 1890లో ఆయన తన పుస్తకంలో వివరించాడు. 1924లో కిలియన్ క్లార్క్ అనే బ్రిటిష్ పరిశోధకుడు పుచ్చు పళ్ళలో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే సూక్ష్మజీవిని గుర్తించి పేరుపెట్టాడు.

తర్వాత 1940లలో రాబర్ట్ స్టీఫన్ పంటి మీది పాచిలో పీహెచ్ ఎలా పడిలేస్తుందో కొలిచి చూపాడు. చక్కెర నీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ ఆ ప్రమాదపు గీత కిందికి జారిపోతుంది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. నేటికీ దంతవైద్య విద్యార్థులు దీన్ని స్టీఫన్ వక్రరేఖ అనే పేరుతోనే చదువుకుంటారు. ఈ లెక్కను మన టీ గ్లాసు దగ్గర పెట్టి చూడండి. రెండు చెంచాల పంచదార వేసిన టీని ఐదు నిమిషాల్లో తాగేసిన మనిషికి ఒకసారే పీహెచ్ పడుతుంది. అదే టీని పని చేసుకుంటూ గంటసేపు గుక్కగుక్కగా చప్పరించే మనిషికి ప్రతి గుక్కకూ లెక్క మళ్ళీ మొదలవుతుంది. తిన్న తీపి ఎంత అన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. టీ అయ్యాక నోరు పుక్కిలించే అలవాటు, ఉత్త నీళ్ళతోనైనా సరే, మంచిది.

పళ్ళు పులిసినప్పుడు

ఎండాకాలం పుల్ల మామిడికాయ, చింతకాయ తిన్నాక పళ్ళు పులిసిపోయాయంటాం. తర్వాత గట్టి వస్తువు కొరకాలన్నా, చల్లటి నీళ్ళు తాగాలన్నా జివ్వుమంటుంది. ఇక్కడ సూక్ష్మజీవుల పని లేదు, పులుపులోని ఆమ్లమే నేరుగా పంటిని తాకుతుంది. కూల్‌డ్రింకుల సంగతీ అంతే. కోలా పానీయాల పీహెచ్ 2.5 దరిదాపుల్లో ఉంటుంది, అందులో చక్కెర లేకపోయినా ఆమ్లం ఆమ్లమే.

అలా ఆమ్లం తగిలిన వెంటనే చాలామంది చేసే పని పళ్ళు తోముకోవడం. చేయకూడనిది అదే. ఆ సమయంలో ఎనామిల్ పైభాగం మెత్తబడి ఉంటుంది, బ్రష్ దాన్ని అరగదీస్తుంది. ముందు పుక్కిలించాలి, అరగంట నుంచి గంట ఆగి తోముకోవాలి. లాలాజలం తనలోని కాల్షియం, ఫాస్ఫేటుతో ఆ పొరను తిరిగి గట్టిపరచడానికి ఆ వ్యవధి కావాలి.

పుక్కిలించే నీళ్ళు ఇలా కలుపుకోవచ్చు: ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు, అర చెంచా వంట సోడా. అర నిమిషం పాటు నోరంతా తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు.

వేవిళ్ళు

ఈ పొడి నిజమైన గొప్పతనం నా దృష్టిలో ఇక్కడే ఉంది. గర్భిణులకు మొదటి నెలల్లో వాంతులవుతాయి. కడుపులోని ఆమ్లం పీహెచ్ 1, 2 మధ్య ఉంటుంది, నిమ్మరసం కంటే ఘాటైనది. అది రోజుకు రెండు మూడుసార్లు పళ్ళను తాకితే ముందరి పళ్ళ లోపలి వైపు ఎనామిల్ కరిగిపోతుంది. నోరు చేదుగా, వెగటుగా ఉంటుంది కాబట్టి వాంతి అయిన వెంటనే పళ్ళు తోముకోవాలనిపించడం సహజం. తోమకుండా, కప్పు నీళ్ళలో ఒక చెంచా సోడా కలిపి పుక్కిలించమని అమెరికాలో గైనకాలజిస్టులు, దంతవైద్యులు చెబుతారు. పైసా ఖర్చు లేని ఈ మాట మన ఊళ్ళలో కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయికీ ఎవరో ఒకరు చెప్పాలి. ఆశా కార్యకర్తలు చెబితే ఇంకా మంచిది. గ్యాస్ మంట వల్ల రాత్రుళ్ళు పుల్లటి త్రేన్పులు గొంతులోకి వచ్చేవారికీ ఇదే సలహా.

నిమ్మకాయ చిట్కా వద్దు

పళ్ళు తెల్లబడాలంటే నిమ్మరసం, సోడా కలిపి రుద్దమనే వీడియోలు కోకొల్లలు. కలపగానే బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగు చూసి ఏదో బలంగా పనిచేస్తోందని నమ్ముతాం. అక్కడ జరిగేది వేరు. నిమ్మరసంలోని ఆమ్లం, సోడాలోని క్షారం ఒకదాన్నొకటి విరుచుకుంటాయి. బయటికి పోయే బుడగలు బొగ్గుపులుసు వాయువు, మిగిలేది సోడియం సిట్రేట్ అనే ఉప్పు, నీళ్ళు. సోడా చేసే మేలు ఆ పొంగులోనే అయిపోతుంది. నిమ్మరసం పాలు ఎక్కువైతే మిగిలిన ఆమ్లం, పీహెచ్ రెండు రెండున్నర ఉండేది, పంటి మీద ఉండిపోతుంది. దానిపై బ్రష్‌తో రుద్దుతాం. మొదటి రోజు పళ్ళు తెల్లగా కనిపిస్తాయి, ఎందుకంటే పైపొర కొంత లేచిపోయింది. అరిగిన ఎనామిల్‌ను ఒళ్ళు మళ్ళీ పుట్టించదు. ఎనామిల్ పలచబడితే కింద ఉన్న డెంటిన్ పసుపు రంగు కనబడుతుంది. తెలుపు కోసం మొదలుపెట్టిన చిట్కా పళ్ళను మరింత పచ్చగా చేసి వదిలిపెడుతుంది.

ఎంత గరుకు?

సోడాతో తోమితే పళ్ళు అరిగిపోతాయని భయపడేవారికి ఒక శుభవార్త. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ పట్టికలో ఎనామిల్ 5 దగ్గర ఉంటే వంట సోడా 2.5 దగ్గర ఉంటుంది. పైగా అది ఉమ్మిలో కరిగిపోతుంది కాబట్టి గీసే సమయమూ తక్కువే. టూత్‌పేస్టులు డెంటిన్‌ను ఎంత అరగదీస్తాయో కొలిచే ఆర్‌డీఏ అనే లెక్క ఒకటుంది. రోజువారీ వాడకానికి అందులో 250 దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. వంట సోడా విలువ 7 మాత్రమే.

ఇప్పుడు మన పాత అలవాట్లను దీని పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇటుక పొడిలో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ పట్టికలో 7, అంటే ఎనామిల్ కంటే ఎక్కువ. ఏళ్ళ తరబడి ఇటుక పొడితో తోమినవారి పళ్ళు చిగుళ్ళ దగ్గర నొక్కులు పడి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడానికి కారణం అదే. కచ్చిక బూడిదది వేరే కథ. అందులో గరుకు పదార్థంతో పాటు క్షారమూ ఉంది. మొక్కల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. పల్లెల్లో పందుంపుల్లగా వాడిన ఉత్తరేణిని కాల్చిన బూడిద నుంచే ఆయుర్వేదం క్షారాన్ని తీస్తుంది. ఆమ్లానికి క్షారం విరుగుడన్న సంగతి రసాయన సమీకరణాలు రాకముందే మన పెద్దల చేతికి అందింది. కాకపోతే గరుకుదనం మీద వాళ్ళకు అదుపు లేదు. ఆ విషయంలో వంట సోడా బూడిద కంటే నయం.

పొడి మెత్తనిది కదా అని గట్టి బ్రష్‌తో బలంగా తోమితే మాత్రం చిగుళ్ళు కిందికి జారతాయి. అరగదీసేది పొడి కాకపోతే బ్రష్, బ్రష్ కాకపోతే చేతి బలం.

మరకలు: పోయేవి, పోనివి

టీ, కాఫీ, తాంబూలం, పొగాకు వల్ల పంటి పైన పట్టిన మరకను సోడా కొంతవరకు తొలగిస్తుంది. ఇన్నేళ్ళుగా టూత్‌పేస్టుల్లో దాన్ని కలుపుతున్నది అందుకే. అది పంటి అసలు రంగును మార్చదు. వయసుతో వచ్చే పసుపు, దెబ్బ తగిలి నల్లబడిన పన్ను, చిన్నప్పుడు కొన్ని యాంటీబయాటిక్స్ వల్ల వచ్చిన చారలు, ఇవేవీ సోడాకు లొంగవు.

గార కూడా లొంగదు. రోజూ పళ్ళ మీద చేరే మెత్తని పాచిని బ్రష్ తీసేయగలదు. అది నిలిచిపోతే ఉమ్మిలోని కాల్షియం పట్టి గట్టిపడి గార అవుతుంది. ఆ తర్వాత ఏ పొడీ దాన్ని కదిలించలేదు, దంతవైద్యుడు చేసే క్లీనింగ్ ఒక్కటే దారి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయన్న భయం మనలో చాలా గట్టిగా పాతుకుపోయింది. గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటే, పన్ను గార బలంతో నిలబడి ఉంటుంది. గార తీయగానే ఆ కదలిక బయటపడుతుంది. పన్నును వదులు చేసింది క్లీనింగ్ కాదు, ఏళ్ళ తరబడి ఉండిపోయిన గార.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఇంకో మరక ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు దాన్ని ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు, ఆ తర్వాత నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు లాంటి చోట్లు దీంతో తరాల పాటు బాధపడ్డాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన ప్రమాణాలు చెబుతాయి. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళు ఏర్పడే వయసులోనే ఎనామిల్ దెబ్బతింటుంది. ఆ గోధుమరంగు చారలు పంటి పైన పట్టినవి కావు, పంటిలోనే ఉన్నవి. వాటిని సోడాతో, బొగ్గుతో, ఇసుకతో రుద్ది రుద్ది ఉన్న కాస్త ఎనామిల్‌నూ పోగొట్టుకున్న పిల్లల గురించి తలచుకుంటే బాధ కలుగుతుంది. పెళ్ళి చూపుల ముందు ఆ ప్రాంతపు ఆడపిల్లలు పడిన అవమానం చిన్నది కాదు. దంతవైద్యంలో ఈ మరకలకు పూతలు, తొడుగులు ఉన్నాయి, ఇంటి చిట్కా లేదు.

సోడాలో లేనిది

అదే ఫ్లోరైడ్ తగు మోతాదులో పంటికి కవచం. నీళ్ళలో ఎక్కువై నల్గొండను బాధపెట్టినదే పేస్టులో కొలతగా ఉండి పంటిని కాపాడుతుంది. కరిగిపోతున్న ఎనామిల్‌లోకి చేరి, ఆమ్లాన్ని మరింత తట్టుకోగల పొరగా దాన్ని తిరిగి కట్టడంలో సాయపడుతుంది. వంట సోడాలో ఫ్లోరైడ్ చుక్క కూడా లేదు. పేస్టు మానేసి సోడా ఒక్కదానితోనే తోముకునేవారు ఈ రక్షణను చేతులారా వదులుకుంటున్నారు. ఇందులో రాజీ లేదు: సోడా పేస్టుకు తోడు మాత్రమే, బదులు కాదు. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ పది లక్షల భాగాలకు 1000 భాగాలు మించకూడదని నిబంధన. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత పేస్టు చాలు. మింగకుండా పెద్దలు దగ్గరుండి చూడాలి, ముఖ్యంగా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఫ్లోరైడ్ పేస్టుతో తోముకున్న వెంటనే సోడా నీళ్ళు పుక్కిలిస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. తోముకున్నాక నురగ ఉమ్మేసి ఊరుకోవడం మేలు. సోడా పుక్కిలింతను భోజనం తర్వాతకో, సాయంత్రం టీ తర్వాతకో పెట్టుకోండి.

కీస్ కథ

సోడా చరిత్రలో ఒక పెద్ద కెరటం అమెరికాలో లేచింది. పాల్ కీస్ అనే దంతవైద్య శాస్త్రవేత్త అప్పటికే పేరున్నవాడు. పంటి పుచ్చు ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు అంటుకోగలదని 1960లో హామ్‌స్టర్ల మీద చేసిన ప్రయోగాలతో నిరూపించింది ఆయనే. 1970ల చివర్లో ఆయన చిగుళ్ళ జబ్బుకు ఒక పద్ధతి ప్రచారం చేశాడు. వంట సోడా, ఉప్పు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చిగుళ్ళకు పట్టించడం, పాచిని సూక్ష్మదర్శిని కింద చూస్తూ అవసరమైతే యాంటీబయాటిక్స్ ఇవ్వడం. చిగుళ్ళకు ఆపరేషన్ తప్పించుకోవచ్చన్న ఆశతో జనం ఎగబడ్డారు. దంతవైద్యుల్లో వాదోపవాదాలు చెలరేగాయి.

1980లలో దీన్ని క్లినికల్ పరీక్షలకు పెట్టారు. ఒక జట్టు సోడా, ఉప్పు, పెరాక్సైడ్‌తో తోముకుంది, ఇంకో జట్టు మామూలు పేస్టుతో తోముకుంది, ఇద్దరికీ క్లినిక్‌లో శుభ్రంగా గార తీశారు. ఇద్దరూ బాగుపడ్డారు, దాదాపు ఒకేలా. మేలు చేసింది శ్రద్ధగా తోమడం, సమయానికి గార తీయించడం. ఆ మిశ్రమానికి విడిగా పెద్ద మహిమ కనిపించలేదు. ఇంటి చిట్కాలను తూచడానికి ఇంత చక్కటి పాఠం నాకు ఇంకోటి కనబడలేదు. చిట్కా వాడిన మనిషి బాగుపడ్డాడన్నది ఒక్కటే చాలదు, వాడని మనిషి ఎలా ఉన్నాడో కూడా చూడాలి.

డబ్బా చూసి తీయండి

వంట సోడా, చాకలి సోడా ఒకటి కావు. బట్టలుతకడానికి వాడే చాకలి సోడా సోడియం కార్బొనేట్, దాని నీటి పీహెచ్ 11 దాకా వెళ్తుంది, నోటి లోపలి చర్మాన్ని కాలుస్తుంది. నిమ్మరసం చుక్క వేసి పొంగితే వంట సోడానే అనుకోకండి, చాకలి సోడా కూడా అలాగే పొంగుతుంది. పేరు రాసి ఉన్న ప్యాకెట్‌లోంచి తీసిందే వాడండి.

బేకింగ్ పౌడర్ కూడా వేరే. అందులో సోడాతో పాటు ఆమ్ల లవణం, పిండి కలుస్తాయి. కడుపు మంటకు తాగే ఈనోలోనూ సోడాకు తోడు సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఇవి పళ్ళకు పనికిరావు. గోళీ సోడాలో అసలు వంట సోడాయే లేదు, ఒత్తిడితో నింపిన వాయువు మాత్రమే ఉంటుంది.

మరిగే నీళ్ళలో కలపడమూ మంచిది కాదు. వేడికి వంట సోడాలోని వాయువు పోయి క్రమంగా సోడియం కార్బొనేట్‌గా, అంటే చాకలి సోడాలోని పదార్థంగా మారుతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు. తడి బ్రష్‌ను వంటింటి డబ్బాలో నేరుగా ముంచకండి, కావలసినంత అరచేతిలోకి తీసుకోండి.

బెర్లిన్ నుంచి మిఠాపూర్ దాకా

సోడియం బైకార్బొనేట్‌ను 1801లో కనుగొన్న ఘనత బెర్లిన్ మందుల తయారీదారు వాలెంటీన్ రోజ్‌ది. తొంభై ఏళ్ళ తర్వాత మిల్లర్ పంటి పుచ్చుకు ఆమ్లం కారణమని రాసిందీ అదే ఊళ్ళో. జబ్బు గుట్టు, దాన్ని కొంత అదుపుచేసే పొడి ఒకే నగరంలో బయటపడ్డాయి. 1846లో అమెరికాలో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ దీన్ని వంటింటి సరుకుగా అమ్మడం మొదలుపెట్టారు. 1861లో ఎర్నెస్ట్ సాల్వే ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాలతో సోడా తయారుచేసే చవక దారి కనిపెట్టాక అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. మన దేశంలో గుజరాత్‌లోని మిఠాపూర్‌లో 1939లో స్థాపించిన టాటా కెమికల్స్ దీన్ని తయారుచేసే పెద్ద సంస్థల్లో ఒకటి.

వాసన

నోటి దుర్వాసనలో ఎక్కువ పాలు గంధకం కలిసిన వాయువులది, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. క్షార గుణమున్న నీటిలో ఆ వాయువు గాలిలోకి ఎగరలేని రూపంలోకి మారుతుంది. అందుకే సోడా నీళ్ళు పుక్కిలిస్తే వాసన వెంటనే తగ్గుతుంది, కొద్దిసేపటికే మళ్ళీ వస్తుంది. ఆ వాయువులు పుట్టే చోటు ఎక్కువగా నాలుక వెనక భాగం, పళ్ళ సందులు, చీము పట్టిన చిగుళ్ళు. నాలుక గీసుకునే తాటాకు బద్ద అలవాటు ఈ విషయంలో చాలా తెలివైనది. బద్ద ప్లాస్టిక్‌దైనా రాగిదైనా రోజూ వాడండి.

పళ్ళ సందుల మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణవాసి లీవెన్‌హోక్ రోజూ పళ్ళను ఉప్పుతో రుద్దుకునేవాడు. అయినా సందుల్లో మిగిలిన తెల్లటి పదార్థాన్ని తన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అందులో ప్రాణులు కదులుతున్నాయి. 1683లో ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఉప్పుకు అందని ఆ సందులు సోడాకూ అందవు. అక్కడికి దారమో, సన్నని సందుల బ్రష్షో వెళ్ళాల్సిందే.

దంతవైద్యుడి గదిలో సోడా

మీరు గమనించి ఉండకపోవచ్చు, క్లినిక్‌లో కూడా వంట సోడా ఉంటుంది. మెత్తగా మరపట్టిన సోడియం బైకార్బొనేట్‌ను గాలి, నీళ్ళతో కలిపి వేగంగా చిమ్మి పొగాకు, టీ మరకలు పోగొట్టే యంత్రాలున్నాయి. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవారికి, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి దాన్ని వాడరు. మత్తు ఇంజెక్షన్‌లోనూ దీనికి పాత్ర ఉంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ మందు ఆమ్ల గుణంతో ఉంటుంది కాబట్టి గుచ్చినప్పుడు మండుతుంది. అందులో శుద్ధమైన సోడియం బైకార్బొనేట్ ద్రావణం కొద్దిగా కలిపితే మంట తగ్గుతుంది, మత్తు త్వరగా ఎక్కుతుంది.

కట్టుడు పళ్ళు

కట్టుడు పళ్ళను రాత్రి తీసి, మెత్తటి బ్రష్‌తో కడిగి, సోడా కలిపిన చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచితే వాసన, పైపై మరకలు తగ్గుతాయి. వేడి నీళ్ళు పోస్తే అచ్చు వంకర పోవచ్చు. పొద్దున మంచినీళ్ళతో కడిగి పెట్టుకోవాలి.

పుళ్ళతో నిండిన నోటికి

కీమోథెరపీ, తల మెడ భాగాలకు రేడియేషన్ తీసుకునేవారికి నోరంతా పుండై మెతుకు మింగలేని స్థితి వస్తుంది. ఆ సమయంలో స్పిరిట్ కలిసిన మౌత్‌వాష్ మంటపెడుతుంది. క్యాన్సర్ నిపుణులు సూచించే సులువైన పుక్కిలింత సోడా, ఉప్పు కలిపిన నీళ్ళు: కప్పు గోరువెచ్చని నీటిలో పావు చెంచా సోడా, అందులో సగం ఉప్పు. రోజులో చాలాసార్లు పుక్కిలించవచ్చు. పుండును మాన్పదు కానీ నోటిని తడిగా, శుభ్రంగా ఉంచి బాధను తగ్గిస్తుంది.

నోటి క్యాన్సర్ మాట మన ప్రాంతంలో దాటవేయలేనిది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఎక్కువగా ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. ఈ అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పులను, క్యాన్సర్లను వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. వక్క మాత్రమే నమిలినా క్యాన్సర్ ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. సోడాతో మరక పోయి పళ్ళు శుభ్రంగా కనిపిస్తున్నాయని నిశ్చింతగా ఉండకూడదు.

ఉప్పు లెక్క

ఒక చెంచా వంట సోడాలో దాదాపు 1300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుక్కిలించి ఉమ్మేస్తే చింత లేదు. మింగేస్తేనే రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఇబ్బంది. పుక్కిలించి ఉమ్మడం రాని పసిపిల్లలకు సోడా అసలు ఇవ్వకండి.

పన్ను నొప్పి రెండు రోజులకు మించి ఉన్నా, తోముకున్నప్పుడల్లా చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా, నోట్లో తెల్ల మచ్చో, ఎర్ర మచ్చో, మానని పుండో రెండు వారాలు దాటినా సోడా నీళ్ళతో కాలం గడపకండి. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోనూ దంత వైద్యులుంటారు. ముందు వెళ్ళి చూపించుకోండి.